సైలెన్సర్‌కి పద్ధతులు తెలియవు

మన రచయిత్రులు బట్టల గురించి తక్కువేమీ రాయలేదు. చున్నీ గురించి రాశాం. బురఖా గురించి ఏళ్ళ తరబడి వాదించుకున్నాం. కాలేజీల్లో డ్రెస్ కోడ్ పెట్టినప్పుడల్లా నిరసన తెలిపాం. అత్యాచారం జరిగిన ప్రతిసారీ "ఆ అమ్మాయి ఏం వేసుకుంది?" అని అడిగే నోళ్ళకు జవాబు చెప్పీ చెప్పీ అలిసిపోయాం. ఇవన్నీ అవసరమైన వాదనలే. ఇంకా అయిపోనివే. కానీ వెనక్కి తిరిగి చూస్తే అన్నీ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయనిపిస్తుంది. బట్ట ఎలా కనపడుతుంది? ఎవరి కంటికి కనపడుతుంది? వాళ్ళు ఆ ప్రశ్న అడిగారు, మనం దానికే జవాబు చెప్పుకుంటూ వచ్చాం. బట్ట కింద ఉన్న చర్మానికి ఏమవుతోందని వాళ్ళు అడగలేదు. మనమూ అడగలేదు.

ఆ ప్రశ్న నేను అడగదలుచుకున్నాను. ఇంకా స్పష్టంగా చెప్పాలంటే, మోటారు సైకిల్ ఇంజన్ వేడినీ సైలెన్సర్ వేడినీ తట్టుకునే బట్టలు ఆడవాళ్ళకు ఎందుకు దొరకవు, దొరికినా ఎందుకు వేసుకోనివ్వరు అన్నది నా ప్రశ్న. సాహిత్య పత్రికలో బండి ప్యాంటు గురించి వ్యాసమేమిటని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. వంటింటి గురించి రాసినప్పుడూ ఇట్లాగే నవ్వారు.

నేను నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, దుత్తలూరు మండలంలో, బస్సు నమ్మకంగా రాని ఒక ఊళ్ళో టీచర్ని. ఉదయగిరి, ఆత్మకూరు మాకు దగ్గర పట్నాలు. ఇక్కడ ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి, అంటే టీచర్లకీ ఏఎన్ఎంలకీ ఆశా కార్యకర్తలకీ పొదుపు సంఘాల లెక్కలు రాసే అమ్మాయిలకీ, సొంత బండి లేకపోతే ఇంకొకరి బండి వెనక చోటే దిక్కు. నేను నడిపేది 125 సీసీ మోటారు సైకిల్. "స్కూటీ కొనుక్కోవచ్చు గదా మేడమ్" అని చాలామంది సలహా ఇచ్చారు. స్కూటర్ చక్రం 10 లేదా 12 అంగుళాలు. మోటారు సైకిల్‌ది 17, 18 అంగుళాలు. కంకర తేలిన దారిలో, వాన వెలిశాక గోతుల్లో ఏది నిలబడుతుందో సలహా ఇచ్చిన మగవాళ్ళకి బాగా తెలుసు. అందుకే వాళ్ళెవరూ స్కూటీ మీద తిరగరు.

ఇక వేడి సంగతి. పెట్రోలులో ఉన్న శక్తిలో నాలుగో వంతు, మహా అయితే అంతకన్నా కాస్త ఎక్కువ, బండిని ముందుకు నడుపుతుంది. మిగిలినదంతా వేడిగా మారి కొంత ఇంజన్ రెక్కల నుంచీ, కొంత సైలెన్సర్ గొట్టం నుంచీ బయటికి పోతుంది. మన దగ్గర నడిచే మామూలు బళ్ళలో ఎక్కువభాగానికి ఇంజన్ని చల్లబరిచేది ఎదురుగాలే. బండి వేగంగా పోతే ఆ వేడి వెనక్కి కొట్టుకుపోతుంది. గొర్రెల మంద అడ్డమొచ్చో, సంత రోజు జనం మధ్య ఇరుక్కునో నెమ్మదిగా పోవలసి వస్తే అదంతా నడిపేవాళ్ళ మోకాళ్ళకీ పిక్కలకీ కొడుతుంది. ఇంజన్ దగ్గర వంపు తిరిగిన గొట్టం రెండు మూడు వందల డిగ్రీలు దాటుతుంది. వెనక సైలెన్సర్ మీద చిల్లుల రేకు కప్పి ఉంటుంది కానీ అది అంతా కప్పదు.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఎండ నుంచి పిల్లల్ని కాపాడటానికి పెట్టిన పద్ధతి అది, మంచిదే. పిల్లలు అన్నం తిని ఊళ్ళోనే ఇళ్ళకు పోతారు. టీచరు మాత్రం మిట్టమధ్యాహ్నం బండెక్కుతుంది. గాలి 42 డిగ్రీలున్నప్పుడు బండి వేగం పెంచితే చల్లబడం. చర్మం వేడి 35 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. అంతకన్నా వేడిగాలి ఎంత వేగంగా తగిలితే అంత వేడెక్కుతాం, చెమట పట్టిన సంగతి తెలియకముందే ఆరిపోయి ఒంట్లో నీళ్ళు తగ్గిపోతాయి. ఎడారి మనుషులు నిండుగా, వదులుగా ఎందుకు కప్పుకుంటారో ఈ దారిలో ఒక్క ఏప్రిల్ మధ్యాహ్నం పోతే అర్థమవుతుంది. పైన ఎండ, ఎదురుగా వడగాలి, కింద ఇంజన్. ఈ మూడింటి మధ్య నలిగే శరీరానికి సమాజం ఇచ్చిన రక్షణ ఒక చీర. లేదా ఒక పల్చటి లెగ్గింగ్, దాని మీద జార్జెట్ చున్నీ.

మన ఆడవాళ్ళ పిక్కలు చూడండి. మన బళ్ళలో చాలావాటికి సైలెన్సర్ కుడివైపు ఉంటుంది, గొలుసు ఎడమవైపు ఉంటుంది. చీర కట్టిన మనిషి కాళ్ళు రెండూ ఎడమవైపుకి వేసి కూర్చుంటుంది కాబట్టి ఆమెకు గొలుసుతో, చక్రంతో ప్రమాదం. రెండువైపులా కాళ్ళేసి కూర్చునే మనిషికి సైలెన్సర్‌తో ప్రమాదం. నేను చూసిన మచ్చలు ఎక్కువగా కుడి పిక్క లోపలివైపే ఉన్నాయి. అంగుళం వెడల్పు, రెండు మూడు అంగుళాల పొడవు, మొదట ఎర్రగా, తర్వాత నల్లగా. పొగాకు తోటల్లోకి కూలికి పోయే ముఠాల్లో ఒక్కో బండి మీద ముగ్గురు పోతారు. చివర కూర్చున్న మనిషికి కాలు పెట్టుకోను చోటుండదు. ఆ మచ్చని ఎవరూ గాయమనరు. "సైలెన్సర్ తగిలింది" అంటారు, అంతే. వంట చేస్తే చెయ్యి కాలడం ఎంత మామూలో బండెక్కితే కాలు కాలడం అంత మామూలు.

ఇది మామూలు కాదు. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే అమెరికన్ పరిశోధకులు చర్మం ఎంత వేడికి ఎంతసేపట్లో కాలుతుందో లెక్కగట్టారు. 44 డిగ్రీల దగ్గర గంటలు పడుతుంది. 70 డిగ్రీలు దాటితే ఒక్క సెకను కూడా అక్కర్లేదు. అంటే సైలెన్సర్ తగిలినప్పుడు "చూసుకుని దిగాలమ్మా" అన్న మాటకు అర్థం లేదు. నొప్పి తెలిసి కాలు లాక్కునే లోపలే కాలిపోతుంది. మధ్యలో ఏదైనా అడ్డం ఉంటే తప్ప ఆ కాలు దక్కదు. ఆ అడ్డం పేరే బట్ట.

ఇప్పుడు ఆ బట్ట సంగతి చూద్దాం. పాలియెస్టర్ 250, 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నైలాన్లో కొన్ని రకాలు 220కే కరుగుతాయి. కరిగిన బట్ట చర్మానికి అతుక్కుంటుంది, గాయాన్ని ఇంకా లోపలికి తీసుకుపోతుంది. నూలు బట్ట కరగదు. మరీ వేడికి మాడుతుంది, మంట తగిలితే అంటుకుంటుంది, కానీ ఒక క్షణం తగిలిన గొట్టానికి మందపాటి నూలు అడ్డం నిలుస్తుంది. బిగుతుగా అంటుకుని ఉన్న బట్ట వేడిని నేరుగా చర్మానికి అందిస్తుంది. కాస్త వదులుగా ఉంటే మధ్యనున్న గాలి పొర కాపాడుతుంది. మరీ వదులైతే అంచు ఎగిరి సైలెన్సర్ మీదో గొలుసులోనో పడుతుంది. ఇదేమీ పెద్ద శాస్త్రం కాదు. పొయ్యి దగ్గరికి నైలాన్ చీరతో పోవద్దని మన అమ్మలు చెప్పలేదా? ఆ జ్ఞానం వంటింటి గడప దాటి బండి దాకా ఎందుకు రాలేదు?

ఎందుకు రాలేదో చెప్తాను. వంట ఆడవాళ్ళ పని అని అందరూ ఒప్పుకున్నారు కాబట్టి దాని ప్రమాదాల గురించి ఇంత జ్ఞానం పోగుపడింది. దారి మీద బండి నడపడం ఆడవాళ్ళ పని అని ఎవరూ ఒప్పుకోలేదు. అది సరదా, లేకపోతే తెగింపు, లేకపోతే గతిలేని అవసరం. సరదాకీ తెగింపుకీ పని బట్టలు ఎవరు కుట్టిస్తారు?

మా ప్రాంతంలో ఇందుకు ఎదురు సాక్ష్యం పొలాల్లో ఉంది. కలిగిరిలో, డీసీ పల్లిలో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. ఆ చుట్టుపక్కల పొగాకు కొట్టే ఆడవాళ్ళని చూడండి. చీర మీద మొగుడి పాత చొక్కా, పూర్తి చేతులది, మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని తొడుక్కుంటారు. తలకు తువ్వాలు చుడతారు. ఎండ తగలకుండా, ఆకు జిగురు ఒంటికి అంటకుండా ఆ చొక్కా కాపాడుతుంది. అది మగవాడి చొక్కా అని అక్కడ ఎవరూ వేలెత్తి చూపరు. నాట్లప్పుడు కుచ్చెళ్ళు మోకాళ్ళ పైకి దోపుకున్నా ఎవరూ పద్ధతి గుర్తుచేయరు. 1992లో ఈ మెట్ట ఊళ్ళ ఆడవాళ్ళు, కలిగిరి మండలం దూబగుంట నుంచి మొదలుపెట్టి, కొంగులు నడుముకు దోపుకుని సారా దుకాణాల మీదికి పోయారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం తెచ్చుకున్నారు. పనికి తగినట్టు బట్ట మార్చుకోవడం మనకు కొత్త కాదు. పని అని ఒప్పుకుంటే చాలు, సంప్రదాయం తనంతట తానే కుచ్చెళ్ళు ఎగదోపుకుంటుంది.

అదే కూలి మనిషి సాయంత్రం బండి వెనక ఎక్కేముందు ఆ చొక్కా విప్పి సంచిలో పెట్టుకుంటుంది. ఊళ్ళోకి పోవాలి గదా! పొలంలో శరీరానికి రక్షణ ఉంది, దారి మీద పరువుకు రక్షణ ఉంది. పిక్క కాలేది మాత్రం దారి మీదే.

చట్టానికీ ఇదే చూపు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం, వెనక సీటున్న ప్రతి మోటారు సైకిల్‌కీ పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఆధారం, వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే అడ్డు ఉండాలి. ఆ అడ్డు ఎందుకంటే వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో చిక్కుకోకుండా. దాన్నే మనం శారీ గార్డ్ అంటాం. నియమం మంచిదే, ఎందరి ప్రాణాలో కాపాడి ఉంటుంది. మెడకు చుట్టుకున్న వస్త్రం చక్రంలో పడితే ఏమవుతుందో 1927లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో కారులో పోతూ చనిపోయిన నర్తకి ఇసడోరా డంకన్ ఉదంతం ప్రపంచానికంతా చెప్పింది. మన దగ్గర చున్నీలు ఈరోజుకీ చెప్తూనే ఉన్నాయి. కానీ ఆ నియమం ఊహించిన ఆడమనిషిని చూడండి. ఆమె వెనకే కూర్చుంటుంది. చీరే కడుతుంది. ఆమెకు బట్టలున్నాయి గానీ కాళ్ళు లేవు. చీర మారకుండా ఉండటం కోసం యంత్రాన్ని మార్చారు. ఆమె ముందు సీటులోకి వచ్చి రెండువైపులా కాళ్ళేసుకుని కూర్చుంటే ఆ కాళ్ళకి ఏం కావాలో ఆ నియమం ఆలోచించలేదు.

బజారు ఇంకో రకం. నెల్లూరులో ఒక దుకాణానికి పోయి బండి మీద వేసుకునే ప్యాంటు, జాకెట్టు అడిగాను. "సార్‌కి ఏ సైజు మేడమ్?" అన్నాడు కుర్రాడు. నాకే అన్నాక లోపలికి పోయి గులాబీ రంగు గ్లవ్స్ తెచ్చాడు. మగవాళ్ళ ప్యాంటు తొడిగి చూస్తే నడుము దగ్గర గుడారం, పిరుదుల దగ్గర బిగుతు, మోకాలికి ఉండాల్సిన దిమ్మ పిక్క మీదికి జారింది. పడినప్పుడు మోకాలు పగలకుండా పెట్టిన దిమ్మ అది. పిక్క మీద ఉంటే దేనికి? ఆడవాళ్ళ కొలతలతో కుట్టే కంపెనీలు ఇప్పుడు కొన్ని వచ్చాయి. వాటి ధరలు వేలల్లో మొదలవుతాయి. నాలాంటి ప్రభుత్వ టీచరు ఒకసారి కొనగలదు. ఆశా కార్యకర్త కొనగలదా?

కాబట్టి మా ఊరి దర్జీనే అడిగాను. సాగే దారం కలవని మందపాటి నూలు జీన్స్, కుడి పిక్కకు లోపలివైపు మోకాలి కింద నుంచి చీలమండ దాకా అరచేతి వెడల్పు తోలు ముక్క. ఖరీదైన రైడింగ్ ప్యాంట్లలో కూడా అదే చోట తోలో, కరగని అరామిడ్ బట్టో వేస్తారు. అంచు ఎగరకుండా లోపల చిన్న పట్టీ. కాళ్ళకి చీలమండ దాటే తోలు బూట్లు. హవాయి చెప్పు రబ్బరు సైలెన్సర్ మీద కరిగి అతుక్కోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. పైన లేతరంగు నూలు చొక్కా పూర్తి చేతులది, దాని మీద జల్లెడలా గాలి ఆడే మెష్ జాకెట్. ఆ జాకెట్టు పాలియెస్టరే, కానీ అది సైలెన్సర్‌కి దూరం. వేసవిలో బయల్దేరేముందు లోపలి చొక్కా తడిపి పిండి వేసుకుంటాను. సముద్రం ఒడ్డున ఉక్కలో ఇది పెద్దగా పనిచేయదు. మా మెట్టలో పొడిగాలికి కుండలో నీళ్ళు చల్లబడ్డట్టే ఒళ్ళూ చల్లబడుతుంది.

ఈ వేషంలో బడికి పోవడం మొదలుపెట్టాక మగవాళ్ళు అడిగినవి ఒక రకం ప్రశ్నలు, ఆడవాళ్ళు అడిగినవి ఇంకో రకం. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన "పిల్లల ముందు ప్యాంటు ఏం బాగుంటుంది మేడమ్?" అన్నాడు. "మీరూ ప్యాంటే వేసుకున్నారు గదా సార్, బాగానే ఉంది" అన్నాను. దారిలో టీకొట్టు దగ్గర "టీచరమ్మ మిలిటరీలో చేరింది" అని నవ్వులు. ఆడవాళ్ళు మాత్రం బండి దగ్గరకొచ్చి ఆ తోలు ముక్కని తడిమి చూశారు. "ఎంత పడింది టీచరమ్మా?" "మా పాపకి కుట్టిస్తే బాగుండు, మొన్న కాలు కాల్చుకునింది." "ఆ బూట్లు యాడ దొరుకుతాయి?" వాళ్ళలో ఒక్కరూ నా పరువు గురించి అడగలేదు. కాలిన వాళ్ళకి దేన్ని గురించి అడగాలో తెలుసు.

ఇక్కడ మనలోనే కొందరికి ఒక అభ్యంతరం ఉంటుందని నాకు తెలుసు. "చీర కట్టుకుని బండి నడపడం కూడా ధిక్కారమే కదా? ఏం వేసుకోవాలో మీరెవరు చెప్పడానికి? అది ఆమె ఎంపిక." ఏటా గుడి పాడ్వా నాడు ముంబయిలో తొమ్మిది గజాల చీరల్లో బుల్లెట్లు నడిపే ఆడవాళ్ళ ఫోటోలు పేపర్లలో వస్తాయి. నాకూ ఆ ఫోటోలంటే ఇష్టమే. ఆ చీర గోచీ పోసి కట్టేది, రెండు కాళ్ళకీ వేర్వేరుగా వచ్చేది, బండికి చాలా చీరలకన్నా నయం. మన వైపు కూడా కష్టం చేసే కులాల ఆడవాళ్ళు గోచీ పోసి కట్టేవారు, తర్వాతెప్పుడో అది అనాగరికమైపోయింది. కానీ పండగనాడు ఒక ఊరేగింపు వేరు, ఏడాదికి రెండు వందల రోజులు బడికి పోయి రావడం వేరు. ఎంపిక అనే మాట నోటితో అనే ముందు ఎంచుకోవడానికి ఏమేం ఉన్నాయో చూడాలి. ఒకవైపు చీర, ఇంకోవైపు పరువు పోవడం పెట్టి ఎంచుకోమంటే అది ఎంపిక కాదు.

పైగా నేను ఎవరినీ ఏదీ విప్పమనడం లేదు. ఉదయగిరిలో బురఖాతో స్కూటీ నడిపే అమ్మాయిలున్నారు. బురఖా కింద మందపాటి నూలు ప్యాంటు, బూట్లు వేసుకోవచ్చు, అంచు ఎగరకుండా కట్టుకోవచ్చు. చీర వదలలేని వాళ్ళు కింద జీన్స్ వేసుకుని బడికి పోయాక చీర సవరించుకోవచ్చు. చున్నీ కావాలంటే జాకెట్టు లోపల దోపుకోవచ్చు. ఎవరి విశ్వాసం వాళ్ళది. సైలెన్సర్‌కి మాత్రం మతమూ లేదు, కులమూ లేదు, పద్ధతులూ తెలియవు. దానికి తెలిసింది ఒక్కటే, మధ్యలో ఏముంది అని.

ఈ మాటల్ని సొంత జాగ్రత్తలకే వదిలేస్తే మళ్ళీ భారమంతా ఆడవాళ్ళ మీదే పడుతుంది. ప్రభుత్వం అంగన్‌వాడీ కార్యకర్తలకి యూనిఫాం పేరుతో చీరలిస్తుంది. కరెంటు స్తంభమెక్కే లైన్‌మన్‌కి రబ్బరు గ్లవ్స్ కావాలని ఒప్పుకున్న వ్యవస్థే ఇది. ఊరూరా బండి మీద తిరగక తప్పని ఉద్యోగంలో ఆడమనిషిని పెట్టి, ఆమె యూనిఫాం చీర అని నిర్ణయించడమంటే ఆమె ప్రయాణం పనిలో భాగం కాదని చెప్పడమే. హెల్మెట్ లేకపోతే జరిమానా వేసే చట్టం, హెల్మెట్ కింద ఉన్న మిగతా శరీరం గురించి కూడా ఒక మాట అనాలి. బండి మీద తిరిగే ప్రతి ఉద్యోగినికీ, కాంట్రాక్టు మనిషైనా గౌరవ వేతనం మనిషైనా సరే, బూట్లూ మందపాటి ప్యాంటూ జాకెట్టూ కొనుక్కోవడానికి భత్యం ఇవ్వాలి. చీరే కట్టాలనే రాసిన నియమాలూ రాయని నియమాలూ తీసెయ్యాలి. బళ్ళు తయారుచేసే కంపెనీలు చక్రానికి అడ్డు పెట్టినట్టే, పిక్క తగిలే చోటంతా గొట్టానికి అడ్డు పెట్టాలి.

ఈలోగా కాలితే టూత్‌పేస్టు, సిరా పుయ్యకండి. ఐసు పెట్టకండి. కుళాయి కిందో చెంబుతోనో 20 నిమిషాల పాటు చల్లటి నీళ్ళు పోయండి. బొబ్బ చిదపకండి. గాయం అరచేతి కన్నా పెద్దదైతే ఆస్పత్రికి పోండి. ఇంత చిన్న సంగతి కూడా ఒక సాహిత్య పత్రికలో రాయవలసి వస్తోందంటే, ఆడవాళ్ళ కాళ్ళు కాలడాన్ని మనం ఎంతకాలంగా లెక్కలోకి తీసుకోలేదో ఆలోచించండి.

దేహ రాజకీయాల మీద పుస్తకాలు రాసిన స్నేహితురాళ్ళని ఒకటి అడుగుతాను. మన దేహంలో పిక్క కూడా ఉంది. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయిని, మీ విద్యార్థినిని, మీ చెల్లెల్ని అడగండి. మీ కుడి కాలు మీరే ఒకసారి చూసుకోండి. ఆ మచ్చ ఎప్పుడు పడిందో, ఆ రోజు మీ కాలికి అడ్డంగా ఏ బట్ట ఉందో, ఆ బట్ట ఎవరి కోసం వేసుకున్నారో రాయండి.